నీళ్లలో పడినవాడు చావడు

నా చిన్నప్పుడు, ఆ జానపద నవలల రచయితని నాకంటే ఎక్కువ చదివినవాడు కోనసీమ మొత్తమ్మీద లేడు. ఆయన పేరు ఇక్కడ రాయను. నా వయసువాళ్లకి చెప్పక్కర్లేదు, మిగిలినవాళ్లకి చెప్పినా తెలియదు. గాజుకొండ నవల, ఏడు తలల పక్షి నవల, రంగులు మార్చే గుర్రం నవల, ఇలా ఆయన రాసినవన్నీ పదేళ్లు నిండకముందే నాకు కంఠతా. ఏ పేజీలో ఆపినా తర్వాతి వాక్యం చెప్పేసేవాణ్ణి. రేవులో పడవలవాళ్లు పందేలు కట్టి మరీ నన్ను పరీక్షించేవారు. ఒకసారి ఆ రచయితే, తన కథలో గుర్రం ఏ రంగు దగ్గర ఆగిందో మర్చిపోయి, నన్ను అడుగుతూ కార్డు ముక్క రాశారు.

ఈ మధ్య మా మనవరాలికి ఇలాగే చెప్పాను. అది ఇటుకంత లావు పుస్తకాలు చదువుతుంది, మంత్రదండాలూ నిప్పులు కక్కే బల్లులూ ఉన్నవి. చదువుతున్న పుస్తకంలోంచి తల పైకెత్తకుండానే, "ఆ కార్డు ఏది తాతయ్యా, చూపించు" అంది.

కార్డు లేదు. ఆయన నాకు కార్డు రాయలేదు. నేనొకణ్ణి ఉన్నానని ఆయనకి తెలియదు. కంఠతా అన్నది కూడా కాస్త సాగదీసిన మాటే. అప్పటికి నాది మూడో తరగతి. ఒత్తులొస్తే తడబడేవాణ్ణి, "మాంత్రికుడు" అన్న మాట చదవడానికి ఒక గుక్క నీళ్లు కావలసి వచ్చేది. ఆ పుస్తకాలు చదివింది మా నాన్న. నేను ఆయన ఒళ్లో కూర్చుని విన్నాను. రేవులో పందేలూ లేవు. పడవల మీద పనిచేసే ఒక ముసలి కళాసీ మాత్రం బీడీ ముట్టించుకుంటూ, "ఏవండి బాబూ, మీ రాక్షసుడు ఇవాళైనా చచ్చేడాండి?" అని అడిగేవాడు. నేను "ఇంకా లేదు" అంటే, "ఆయ్, గట్టి ప్రాణమేనండి" అని పొగ వదిలేవాడు. నా కీర్తి అంతవరకే.

మాది ఓడలరేవుకి దగ్గర్లో, గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఇవతల ఉన్న ఊరు. మా నాన్నకి సొంత నావ ఉండేది. కొబ్బరికాయలు వేసుకుని ఏటి మొగ దాటి, ఒడ్డు కనిపించేంత దూరంలోనే సముద్రం మీద కాకినాడ వెళ్లేవారు. తిరిగి వచ్చేటప్పుడు నావలో ఉప్పూ పెంకులూ ఉండేవి, ఆయన చొక్కా జేబులో ఆ రచయిత కొత్త పుస్తకం ఉండేది. పుస్తకం తడవకుండా అరటినారతో కట్టిన తాటాకు పొట్లంలో పెట్టి తెచ్చేవారు. దాంతో ఆ పుస్తకాలన్నింటికీ ఎండిన తాటాకు వాసన ఉండేది. ఇప్పటికీ నాకు మాయలూ మంత్రాలూ అంటే ముందు ఆ వాసనే తగులుతుంది.

నాన్న చదివే పద్ధతి వేరు. పుస్తకం సగం చదివి, కొబ్బరి ఈనె ముక్క విరిచి ఆ పేజీలో పెట్టి మూసేసేవారు. మిగతా సగం వచ్చే ప్రయాణం నుంచి తిరిగొచ్చాకే. నేను కాళ్లు నేలకేసి కొట్టుకున్నా లాభం ఉండేది కాదు. "కథ తెలిసిపోతే ఇక నాకోసం ఎవడు ఎదురుచూస్తాడ్రా?" అనేవారు నవ్వుతూ. దాంతో నేను రెండు ఎదురుచూపులూ కలిపి ఒకేసారి చూసేవాణ్ణి. నావ తెరచాప కనబడితే నాన్న వచ్చినట్టు, రాజకుమారుడు కొండ గుహలోంచి బయటపడ్డట్టు.

అలా విని విని ఆ రచయిత గురించి నేనొక సంగతి కనిపెట్టాను. ఇందులో మాత్రం సాగదీత లేదు, ఎవరైనా ఆయన పుస్తకాలు తీసి చూసుకోవచ్చు. ఆయన కత్తితో మనుషుల్ని చంపుతాడు. నిప్పులో కాలుస్తాడు. పాముల చేత కరిపిస్తాడు. కానీ నీళ్లలో పడినవాణ్ణి మాత్రం చంపడు. సుడిగుండంలో పడినవాడు నాగలోకంలో తేలతాడు, చేప మింగినవాడు చేప పొట్టలోంచి నడుచుకుంటూ వస్తాడు, ఏటిలో కొట్టుకుపోయిన పసివాణ్ణి తామరాకు మోస్తుంది. ఆఖరి అధ్యాయంలో అందరూ ఒడ్డెక్కుతారు. నీళ్లలో పడినవాడు చావడు. నేను ఈ మాట నాన్నకి చెబితే ఆయన కాసేపు ఆలోచించి, "నిజమేరోయ్, నేను గమనించలేదు" అన్నారు. ఆరోజు నాకు కలిగిన గర్వం తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఆయన తెచ్చిన ఆఖరి పుస్తకం ఒక ఓడ నాయకుడి కథ. ఓడ సుడిలో చిక్కి, నాయకుడు కడలి అడుగున ఉన్న నగరం వైపు జారిపోతుండగా నాన్న ఈనె విరిచి పెట్టేశారు. ఆ తర్వాతి ప్రయాణంలోనే గాలివాన వచ్చింది.

గాలివాన వెలిశాక నావలో ఉన్న కళాసీలు ఇద్దరూ ఒడ్డుకి కొట్టుకొచ్చారు. చుక్కాని వచ్చింది. చిరిగిన తెరచాప వచ్చింది. మా నాన్న రాలేదు. ఊళ్లో మగవాళ్లు అంతర్వేది దాకా ఇసుక మీద వెతుక్కుంటూ వెళ్లి, తల వంచుకుని తిరిగొచ్చారు.

ఇంట్లో అందరూ ఏడుస్తుంటే నేను ఏడవలేదు. ఏడవడానికి ఏముంది? దొరకలేదంటే అడుగున నగరానికి చేరినట్టే కదా. అమ్మకి ఆ సంగతి విడమర్చి చెప్పాను. ఏ పుస్తకంలో ఎవడు ఎలా మునిగి ఎలా తేలాడో ఒక్కొక్కటే చెప్పాను. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని విన్నది. అప్పట్నించీ ప్రతి సాయంత్రం అన్నం కలిపి, "ఇవాళ ఎవరి కథరా?" అని అడిగేది. నేను చెబుతుంటే తనో ముద్ద తిని నాకో ముద్ద పెట్టేది. నేను కథ చెబితేనే అమ్మ అన్నం తింటోందని, ఆమె ప్రాణం నా మాటల మీద నిలబడి ఉందని నాకు నమ్మకం. ఎనిమిదేళ్లవాడికి అంతకంటే పెద్ద పదవి ఏముంటుంది?

ఓడ నాయకుడి పుస్తకం మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఈనె ఉన్న పేజీ దాటి చదివేది నాన్నే. చదవాలంటే రావాలి కదా, అందుకని.

అమ్మ వాళ్ల నాన్న, మా తాతయ్య, మాకు తోడుగా వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయారు. ఆయన కూడా ఒకప్పుడు నావ నడిపినవారే. పెద్ద పొడగరి, మాటలు తక్కువ. సముద్రం వైపు తిరిగి కూర్చునేవారు కాదు, వీధరుగు మీద కూడా దానికి వీపు పెట్టే కూర్చునేవారు. నా సిద్ధాంతం ఆయనకీ చెప్పాను. "ఊఁ" అన్నారు. ఆ ఊఁ నాకు నచ్చలేదు.

మళ్లీ గాలివానల కాలం దగ్గరపడుతుండగా పెద్దలు కూర్చుని కర్మ చేయించాలన్నారు. మనిషి దొరకనప్పుడు మావైపు ఒక పద్ధతి ఉంది. దర్భలతో మనిషి ఆకారం కట్టి, తలకి బదులు కొబ్బరికాయ పెట్టి, ఆ బొమ్మని ఏటి ఒడ్డున దహనం చేస్తారు. కొడుకు నిప్పు పెట్టాలి. అప్పుడుగానీ పోయినవాడు పోయినవాళ్లలో కలవడని పురోహితుడుగారు చెప్పారు. రోజు నిర్ణయించారు. నేను లేచి నిలబడి, "నేను పెట్టను" అన్నాను.

"తప్పు బాబూ, అలా అనకూడదు" అన్నారు పురోహితుడుగారు.

"ఆయన బతికుంటే?"

పురోహితుడుగారు పంచాంగం మూసి పక్కన పెట్టారు.

"బతికున్నాయన బొమ్మని తగలబెడితే ఆయనకేమవుతుందో మీకు తెలుసా? మైనపుబొమ్మ నవల చదివేరా మీరు?"

పురోహితుడుగారు చదవలేదని ఒప్పుకున్నారు. ఆ నవలలో రాజకుమారుడి మైనపు బొమ్మని మంత్రగత్తె కరిగిస్తే, ఎక్కడో అడవిలో ఉన్న రాజకుమారుడు కరిగిపోతుంటాడు. నేను ఆ సంగతంతా చెప్పాను. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మా అక్క, నాకంటే ఆరేళ్లు పెద్దది, తలుపు వెనకనుంచి వచ్చి నా రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్లిపోయింది.

కర్మ రేపనగా మా పెరట్లో చెట్టు నుంచి కాయ దింపించారు. ఇంటి చెట్టు కాయే కావాలట. వలిచి, పిలక తీసి, మూడు కళ్లూ పైకి కనబడేలా వసారాలో పీట మీద పెట్టారు. మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర ఉండగా నేను ఆ కాయని చొక్కాలో దోపుకుని పారిపోయాను. రేవు పక్కన బోర్లించి ఉన్న పాత పడవ కిందకి దూరి, దాన్ని పొట్టకి అదుముకుని పడుకున్నాను. తల లేకపోతే బొమ్మ లేదు, బొమ్మ లేకపోతే కర్మ లేదు. కోనసీమలో ఒక కొబ్బరికాయ దాచేసి కార్యం ఆపేయగలనని అనుకున్న ఘనుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. పడవ కిందనుంచి తల బయటికి పెడితే నెత్తి మీద వెయ్యి కాయలు వేలాడుతున్నాయి.

ఇంటి దగ్గర గోల మొదలైంది. మా ఇల్లు రేవు పక్కనే, పడవ కింద నాకు వినబడుతూనే ఉంది. "కాయ పోతే పోయిందండి, ఇంకోటి దింపిస్తే సరి, కాయలకేం కరువండి మనకి?" అని ఎవరో అంటున్నారు. తాతయ్య గొంతు ఒక్కసారే వినబడింది. "ఆయ్, ఆగండి. వాడు పట్టుకెళ్లిన కాయే కావాలి. వాడే తేవాలి."

కాసేపటికి పడవ పక్కన ఆయన పాదాలు కనిపించాయి. నన్ను బయటికి రమ్మనలేదు. అంత పొడుగు మనిషి మోకాళ్ల మీద వంగి, మూలుగుతూ, పడవ కిందకి తానే దూరారు. ఆయన చేతిలో ఓడ నాయకుడి పుస్తకం ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అది నాన్న వచ్చాకే" అన్నాను.

"తెలుసురా."

"ముట్టుకోవద్దన్నాను కదా."

"ముట్టుకోకూడదనే అనుకున్నాను. కానీ మీ నాన్న ఎక్కడున్నాడో ఇందులో రాసుంటే?"

నా శాస్త్రం నామీదకే తిరిగింది. ఓడ నాయకుడు ఎక్కడున్నాడో తెలిస్తే నాన్న ఎక్కడున్నాడో తెలిసినట్టే. తాతయ్య పుస్తకం తెరిచి, ఈనె తీసి నా చేతికిచ్చి, పలకల సందుల్లోంచి పడుతున్న వెలుతురులో చదవడం మొదలుపెట్టారు.

ఓడ నాయకుడు కడలి అడుగుకి చేరాడు. అక్కడ పెద్ద ద్వారం ఉంది. ద్వారం అవతల ఆయన తండ్రి, తాత, అంతకుముందు సముద్రంలోకి వెళ్లినవాళ్లందరూ దీపాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఓడ నాయకుడు వాళ్ల వైపు అడుగు వేశాడు. కాలు సాగలేదు. చూసుకుంటే నడుముకి ఒక తాడు కట్టి ఉంది. ఆ తాడు నీళ్లలోంచి పైకి, పైకి, ఒడ్డు దాకా వెళ్లింది. ద్వారం దగ్గర ఉన్న కాపలావాడు అడిగాడు, ఆ కొస ఎవరి చేతిలో ఉందని. నా కొడుకు చేతిలో ఉంది, అన్నాడు ఓడ నాయకుడు. అయితే ఆ తాడు పట్టుకుని పైకి వెళ్లిపో, అన్నాడు కాపలావాడు. పైకి పోయే దారి మూసుకుపోయింది, ఇక అటు వెళ్లలేను, అన్నాడు ఓడ నాయకుడు. అయితే తాడు తెంపుకుని లోపలికి రా, అన్నాడు కాపలావాడు. ఓడ నాయకుడు తల అడ్డంగా ఊపాడు.

ఇక్కడ తాతయ్య ఆగి ఊపిరి తీసుకున్నారు. తర్వాత మళ్లీ పుస్తకంలోకి చూస్తూ చదివారు.

"వాడు చిన్నవాడు. లాగకండి. లాగితే వాడి చేతులు కోసుకుపోతాయి. వాడంతట వాడు వదిలేదాకా నేను ఇక్కడే నిలబడతాను."

అలా నిలబడ్డాడట. ఎంతకాలమో.

కొబ్బరికాయ పొట్టకి గుచ్చుకుంటోంది.

"అక్కడ చలిగా ఉంటుందా తాతయ్యా?"

ఆయన పుస్తకంలోకి చూశారు. "ఉంటుందని రాశాడు."

"తాడు వదిలితే పైకి వస్తాడా?"

ఈసారి ఇంకా ఎక్కువసేపు చూశారు. అవునంటే సరిపోయేది. నేను ఆ క్షణంలో ఏం చెప్పినా నమ్మేవాణ్ణి, ఆయనకీ ఆ సంగతి తెలుసు.

"రాడు నాన్నా. వాళ్ల వాళ్ల దగ్గరికి వెళ్తాడు. పైకి మాత్రం రాడు."

అప్పుడు ఏడ్చాను. గాలివాన వచ్చిన దగ్గర్నుంచీ ఏడవనిదంతా ఆ పడవ కింద ఏడ్చాను. తాతయ్య నన్ను దగ్గరికి లాక్కోలేదు, ఊరుకో అనలేదు. పక్కన పడుకుని, పుస్తకం గుండెల మీద బోర్లించుకుని, పడవ పలకల కేసి చూస్తూ ఉన్నారు. ఏడుపు అయిపోయాక నేనే పాక్కుంటూ బయటికొచ్చాను. కొబ్బరికాయ రెండు చేతులా పట్టుకుని ఇంటికి నడిచాను. వాకిట్లో అమ్మ నిలబడి ఉంది. కాయ అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ దాని మీద అంటిన ఇసుక కొంగుతో తుడిచింది, మొహం తుడిచినట్టు.

మర్నాడు ఏటి ఒడ్డున దర్భబొమ్మ పక్కన నేను ఆ పుస్తకం కూడా పెట్టాను. మిగతా సగం నాన్న చదువుకుంటారని. ఎవరైనా వద్దంటారేమో అనుకున్నాను. తాతయ్య వెంటనే, "పెట్టనీండి, పెట్టనీండి" అన్నారు. నేను ఒంటిచేత్తో, బెదరకుండా, మగాడిలా నిప్పు పెట్టానని ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. అదీ సాగదీతే. తాతయ్య నా చేతిని తన చేత్తో కప్పి పట్టుకున్నారు, లేకపోతే కాగడా జారిపోయేది. మంట అంటుకున్న కాసేపటికి కొబ్బరికాయ ఠప్పుమని పగిలింది. అందరూ ఉలిక్కిపడ్డారు. నేను రెండు అరచేతులూ తెరిచి చూసుకున్నాను, తాడు ఉందేమోనని.

తర్వాత చాలా ఏళ్లకి, తాటిపాకలో ఉద్యోగంలో చేరాక, అమలాపురంలో ఒక అద్దె పుస్తకాల కొట్టు నాకు అలవాటైంది. కొట్టతను చమత్కారి. "ఏంటండి సారూ, ఇంకా రాక్షసులేనాండి? పెళ్లి చేసుకోండి, ఇంట్లోనే దొరుకుతుంది వినోదం" అనేవాడు. ఒకరోజు అటక మీదనుంచి దించిన పాత కట్టలో ఓడ నాయకుడి పుస్తకం కనిపించింది. అట్ట మీద అదే బొమ్మ, అదే సుడిగుండం. ఇంటిదాకా ఆగలేక బస్టాండులో బెంచీ మీద కూర్చుని, నాన్న ఆపిన పేజీ వెతికి పట్టుకుని చదివాను.

అందులో ద్వారం లేదు. దీపాలు లేవు. తాడు లేదు. ఓడ నాయకుడు కడలి అడుగున నగరంలో రాక్షసుణ్ణి చంపుతాడు, ముత్యాల పల్లకీ ఎక్కి పైకి వస్తాడు. ఆఖరి పేజీలో ఆయన భార్యా పిల్లలూ ఒడ్డుకి పరిగెత్తుకుంటూ వస్తారు. కొడుకు అందరికంటే ముందు పరిగెడతాడు. ఆ రచయిత తన మాట తప్పలేదు. నీళ్లలో పడినవాణ్ణి ఆయన ఎప్పటిలాగే ఒడ్డెక్కించాడు.

రాజోలు బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఆ బెంచీ మీదే ఉన్నాను. పక్కనున్న ముసలావిడ, "ఏం నాయనా, ఎవరైనా పోయేరా?" అని అడిగింది. అవునన్నాను.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. తాతయ్య పుస్తకాలు తారుమారు చేసుకుని వేరే నవలలోంచి చదివారేమో అనుకున్నాను. అందుకోసం ఆ రచయిత రాసినవన్నీ, ఈసారి నిజంగానే, మొదట్నుంచి చివరిదాకా చదివాను. చదువుతుంటే ఆయన లొసుగులన్నీ కనిపించాయి. గాజుకొండ నవలలో గుహనే తీసుకొచ్చి రెండు మూడు పుస్తకాల్లో వాడుకున్నాడు. రాజకుమార్తెలందరికీ ఒకే జడ, ఒకే కోపం. రాక్షసుడి ప్రాణం ఎక్కడుందో చిలక చెప్పకపోతే ఆయనకి కథ కదలదు. అయినా ఒక్క పుస్తకం కూడా మధ్యలో మూయలేకపోయాను. మనిషిని కష్టపెట్టి, చివరికి చేయి అందించి లేపడం ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ లేపడం కోసమే ఊళ్లలో జనం పేజీలు ఊడిపోయిన పుస్తకాలు పంచుకుని చదివేవారని అప్పుడు అర్థమైంది. మా నాన్న కూడా అందుకే కొన్నారేమో.

తాడు కథ మాత్రం ఎక్కడా దొరకలేదు. తాతయ్య చదువుతున్నంతసేపూ పేజీ ఒక్కసారి కూడా తిప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి ఆయన పోయి చాలాకాలమైంది. అమ్మని అడిగాను, ఆ కథ తాతయ్య కల్పించారా అని. "ఏమో నాన్నా, తాతయ్య చదివేరుగా" అని, పాలు పొంగుతాయంటూ లోపలికి వెళ్లింది.

ఆ మధ్యాహ్నం నుంచి నేను మోసుకొస్తున్నది ఆ కథనే, ఆ రచయిత కథల్ని కాదు. మా ఆవిడ ఆఖరి రోజుల్లో నేను గదిలో అడుగు పెట్టినప్పుడల్లా కష్టపడి కళ్లు తెరిచేది. డాక్టరు ఇక లాభం లేదన్నా అలా తెరుస్తూనే ఉంది. ఒకరోజు పక్కన కూర్చుని, నేను ఉండగలనులే, నువ్వు వెళ్లు, అని చెప్పాను. నా జీవితంలో అన్నింటికంటే ఎక్కువ సాగదీసిన మాట అదే. కానీ ఆమె నమ్మింది. తాతయ్య నాకు పడవ కింద నేర్పింది అదేనని అనుకుంటాను. నిజం చెప్పలేని చోట కథ చెప్పు, కానీ రానివాడు వస్తాడని మాత్రం చెప్పకు.

ఇదంతా రాసి, రాజోలులో ఉన్న మా అక్కకి చదివి వినిపించడానికి వెళ్లాను. అక్క పీట మీద కూర్చుని కత్తితో పనసపొట్టు కొడుతోంది. చదువుతున్నంతసేపూ చెయ్యి ఆపలేదు. అయిపోయాక చేతికి రాసుకున్న నూనె గుడ్డకి తుడుచుకుంది.

"కార్డు సంగతి బాగుంది" అంది. "కానీ అమ్మని అంత వెర్రిదాన్ని చేసేవేంట్రా?"

"నేనేం చేశానక్కా?"

"నీళ్లలో పడ్డవాడు చావడని నువ్వు చెబితే ఆవిడ నమ్మిందా? నావ నడిపినాయన కూతురు రా ఆవిడ. కళాసీలు కొట్టుకొచ్చిన రోజే ఆవిడకి తెలుసు. కథ చెబితేనే ఆవిడ తినేదిట! కథ చెప్పిస్తేనే నువ్వు తినేవాడివి."

నేను కాగితాలు మడిచాను.

"తాతయ్యని గొప్పవాణ్ణి చేసేవు, మంచిదే. కానీ ఆయనకి అంత కథ కట్టడం ఎక్కడొచ్చురా? అది అమ్మ కట్టింది. నువ్వు నిప్పు పెట్టనని ఎగిరిన మర్నాటినుంచీ, నువ్వు బడికెళ్లగానే, తాతయ్యని వంటింట్లో కూర్చోబెట్టి అప్పజెప్పించుకునేది. నేను పప్పు విసురుతూ విన్నాను. 'వాడు చిన్నవాడు, లాగకండి' అన్న చోటికొచ్చేసరికి తాతయ్య కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసేవారు. అమ్మ మాత్రం కళ్లు తుడుచుకోలేదు. 'ఇక్కడ ఏడవకూడదు నాన్నా, వాడు పట్టేస్తాడు. మళ్లీ మొదట్నించి చెప్పండి' అనేది. అది రాయి ముందు."